గంగారాం చెప్పమన్న మాట

ఏడేళ్లుగా నా దగ్గర ఒక మాట ఉండిపోయింది. అది నా మాట కాదు. ఒక మనిషి నన్ను నమ్మి, ఆయనకు చెప్పు అని అప్పజెప్పిన మాట. నాలుగు వాక్యాలకు మించదు. చెప్పడానికి నిమిషం కూడా పట్టదు. నేను చెప్పలేదు. ఆ చెప్పని నిమిషం మీద ఏడేళ్లు బతికాను, జీతం తీసుకున్నాను, మంచివాడిననిపించుకున్నాను.

మీరెవరో నాకు తెలియదు. అదే నయం. తెలిసినవాళ్లకు చెబుదామని ఎన్నోసార్లు నోటిదాకా వచ్చింది. వచ్చిన ప్రతిసారీ చాయ్ తాగుతావా అనో, ఎండ ముదిరిందనో ఇంకేదో అనేసేవాణ్ణి. నా పేరు చెప్పను. ఊరూ చెప్పను. మాది జగిత్యాల దిక్కు, అంత వరకు చాలు. దమ్మామ్‌లో పెద్ద మోటారు సైకిళ్లు బాగుచేసే ఒక వర్క్‌షాప్‌లో ఫోర్‌మన్‌ని. శుక్రవారం పొద్దున గుంపులుగా సముద్రం రోడ్డు వెంట తిరిగే షోకు బండ్లు మా దగ్గరికి వస్తాయి. యజమాని సౌదీ మనిషి. మా అందరి ఇఖామాలూ, అంటే ఇక్కడ ఉండి పనిచేయడానికిచ్చే కార్డులు, ఆయన పేరు మీదే ఉంటాయి కాబట్టి ఆయనే మా కఫీల్. ఆయనకు అరబ్బీ తప్ప ఏదీ రాదు.

నాకు అరబ్బీ వచ్చు. ఇంత కథకు కారణం అదే. వచ్చిన కొత్తలో ఒక ఇంట్లో డ్రైవర్‌గా చేసినప్పుడు పట్టుబడింది. వర్క్‌షాప్‌లో ఎనిమిది మందిమి. పాకిస్తాన్ వాళ్లు, బంగ్లాదేశ్ వాళ్లు వచ్చీరాని అరబ్బీతో ఎలాగో నెట్టుకొచ్చేవాళ్లు. మన తెలుగువాళ్లకు మాత్రం నేనే నోరు. కఫీల్ అన్నది వాళ్లకు నేను చెప్పాలి, వాళ్లు అన్నది కఫీల్‌కు నేను చెప్పాలి. సెలవు కావాలన్నా, పన్ను నొప్పి అన్నా నా ద్వారానే పోవాలి. ఇది ఎంత పెద్ద అధికారమో అది చేతిలో ఉన్నవాడికే తెలుస్తుంది. నాకు తెలుసు. తెలిసే ఆనందించాను.

గంగారాం మా ఊరివాడే, నాకంటే ఎనిమిదేళ్లు పెద్ద. అసలు పేరు ఇది కాదు, మా వైపు ఇంటికొక గంగారాం ఉంటాడు కాబట్టి ఈ పేరు పెట్టాను. టైర్లు విప్పి ఎక్కించే పని ఆయనది. నాలుగో తరగతితో చదువు ఆగిపోయింది. నోట్లో నాలుక లేని మనిషి. కానీ ఇంజిన్ దగ్గర చెవి పెట్టి వింటే చాలు, ఏది వదులైందో చెప్పేవాడు. నేను రెండు గంటలు విప్పి చూసి అదే కనుక్కునేవాణ్ణి. ఇఖామాలో ఆయన వృత్తి 'ఆమిల్' అని ఉండేది. అంటే కూలీ. తొమ్మిదేళ్లుగా ఆయనకున్న ఒకే ఒక్క ఆశ, ఆ చోట 'మెకానిక్' అని రాయించుకోవడం. రియాద్‌లో మలాజ్ అనే పేటలో ఉన్న ఒక పాత వర్క్‌షాప్ వాళ్లు మెకానిక్‌గా తీసుకుంటామన్నారు. మా కఫీల్ సంతకం పెడితే అటు మారిపోవచ్చు. రంజాన్ తర్వాత పెడతానని ఈయన మాటిచ్చాడు. ఒకరోజు గంగారాం నా దగ్గరికొచ్చి, 'మెకానిక్' అన్న మాట అరబ్బీలో ఎట్లుంటదో కాగితం మీద రాసియ్యమన్నాడు. రాసిచ్చాను. చదవడం రాకపోయినా దాన్ని పర్సులో పెట్టుకుని, ఇఖామా పక్కన ఉంచుకున్నాడు.

ఇక నా పద్ధతి సంగతి చెప్పాలి. నేను కొంచెం చాదస్తం మనిషిని. పానాలు సైజు వారీగా ఉండాలి, గుడ్డ మడత పెట్టి ఉండాలి. ఒకసారి ఎవరిదో బండి రెండో తాళంచెవి పోయింది. కఫీల్ అందరి ముందు నన్ను పట్టుకుని దులిపేశాడు. ఆ అవమానంతో ఒక నియమం పెట్టాను. బండి లోపలికి రాగానే కస్టమర్ దగ్గర రెండు తాళంచెవులూ తీసుకోవాలి, రెండింటినీ కలిపి బైండింగ్ వైరుతో గట్టిగా మెలేయాలి, నంబరు బిళ్ల తగిలించాలి. ఒకటి ఉంటే రెండోదీ ఉన్నట్టే. ఆ తర్వాత ఒక్క తాళంచెవి పోలేదు. కఫీల్ మెచ్చుకున్నాడు. ఆ వైరు విప్పే హక్కు నాకు తప్ప ఎవరికీ లేదని కూడా నేనే చెప్పాను.

చలికాలం మొదట్లో ఒక ఇటలీ బండి సర్వీసుకు వచ్చింది. దాని యజమాని యాభై ఏళ్ల మనిషి, నెమ్మదస్తుడు. ఇంకొకరి దగ్గర కొన్న బండి. సర్వీసు అయిపోయింది. అప్పగించే రోజు ఆయన చూస్తుండగా తాళంచెవి తిప్పితే బండి పలకలేదు. మీటర్ మీద తాళంచెవి బొమ్మ ఎర్రగా వెలిగి, ఐదంకెల కోడ్ కొట్టమని అడిగింది.

ఇది తెలియనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతాను. అలాంటి బండ్ల తాళంచెవి తలలో చిన్న చిప్ ఉంటుంది. తాళం చుట్టూ ఉన్న రింగు ఆ చిప్‌లోని నంబరును చదివి బండి కంప్యూటర్‌కు పంపుతుంది. నంబరు కలిస్తే ఇంజిన్ తిరుగుతుంది. కలవకపోతే దొంగ అనుకుని ఆగిపోతుంది, కోడ్ అడుగుతుంది. ఆ కోడ్ కాగితం ఈయనకు అమ్మినవాడు ఇవ్వలేదు. పుట్టిన సంవత్సరం నుంచి కారు నంబరు దాకా ఏవేవో నొక్కి చూశాడు పాపం. ఏదీ కలవలేదు.

నెల రోజులు ఆ బండితో కుస్తీ పట్టాను. బ్యాటరీ మార్చాను. ఫ్యూజులు చూశాను. తాళం వెనక ప్లగ్గు ఊడదీసి శుభ్రం చేశాను. తాళం చుట్టూ ఉండే రింగు కొత్తది తెప్పించి వేశాను. ఫోన్ల వల్లనేమోనని అందరి ఫోన్లూ బయట పెట్టించాను. ఒక్కోసారి పలికేది, ఒక్కోసారి మొండికేసేది. పొద్దున పలికి మధ్యాహ్నం పలకకపోతే ఎండ అన్నాను. మధ్యాహ్నం పలికి సాయంత్రం పలకకపోతే తేమ అన్నాను. చివరికి కంప్యూటర్ పోయిందని తేల్చి కొత్తది ఆర్డర్ పెట్టించాను. ఈ నెల రోజులూ రెండు తాళంచెవులు నా చేతిలోనే ఉన్నాయి, వైరుతో కలిపి కట్టినవి. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు వెతికాను. రెండు చిప్‌లు పక్కపక్కనుంటే ఆ రింగు దేన్నీ సరిగా చదవలేదు. వేలాడే రెండోది కాస్త అటు ఊగినప్పుడు పలికేది, ఇటు ఊగినప్పుడు ఆగేది. అంతకుముందు వచ్చిన బండ్లలో చాలావాటికి ఈ చిప్ గొడవే లేదు. ఉన్న ఒకటి రెండు, రెండోసారి తిప్పితే పలికేవి. అందుకే నా పద్ధతి మీద నాకు అనుమానమే రాలేదు.

ఆ రోజు పొద్దున పదింటికి కఫీల్, బండి యజమాని కలిసి లోపలికొచ్చారు. వాళ్లు వచ్చేసరికి ఆ బండి ఇంజిన్ నడుస్తోంది. హాయిగా, మెత్తగా. పక్కన గంగారాం నిలబడి నవ్వుతున్నాడు. నేను స్టోర్ గదిలోంచి చప్పుడు విని పరుగెత్తుకొచ్చాను.

తర్వాత తెలిసిందేమిటంటే, బండిని జరపమంటే గంగారాం జరుపుతూ, వైరు కొస ట్యాంకు రంగుకు గీసుకుంటోందని విప్పేశాడు. ఒక తాళంచెవి జేబులో వేసుకుని ఇంకోటి తిప్పాడు. పలికింది. ఆపి తిప్పాడు. పలికింది. ఆయనకు ఏదో తట్టింది. మళ్లీ వైరు కట్టి చూశాడు, మళ్లీ విప్పి చూశాడు. నాలుగో తరగతి చదివిన టైరు మనిషి.

"తమ్మీ, దొరికింది," అన్నాడు నన్ను చూడగానే. "కంప్యూటర్ గింప్యూటర్ ఏం లేదు. గీ రెండు చాబిలు ఒక్కదగ్గరుంటే బండి గుర్తువడ్తలేదు. ఒక్కటే పెడితే పదిసార్లకు పదిసార్లు చాలూ అయితుంది. వైరు ఇప్పి సూసిన, మళ్ల కట్టి సూసిన. గీ ముచ్చట ఆయనకు జెప్పు."

కఫీల్ నా వైపు తిరిగాడు. ఏమంటున్నాడు అని అడిగాడు.

ఆ క్షణంలో నాకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని చెప్పుకోవడానికి చాలా ఏళ్లు ప్రయత్నించాను కానీ, అది అబద్ధం. ఆ వైరు కట్టింది నేను. ఆ పద్ధతి నాది. ఆ నెల నాది. కంప్యూటర్ పోయిందన్న తీర్పు నాది.

"తనకే తెలియదంటున్నాడు," అని చెప్పాను అరబ్బీలో. "ఊరికే తిప్పాడట, స్టార్ట్ అయిందట."

కఫీల్ ముందుకొచ్చి బండి ఆపాడు. రెండో తాళంచెవి కూడా ఇమ్మని చెయ్యి చాపాడు. గంగారాం జేబులోంచి తీసి ఇచ్చాడు. కఫీల్ రెండూ ఒకే గుప్పిట్లో పట్టుకుని, ఒకటి తాళంలో పెట్టి తిప్పాడు. ఎర్ర బొమ్మ వెలిగింది. బండి పలకలేదు.

"అట్ల గాదు సేట్, ఒక్కటే," అంటూ గంగారాం చొరవగా ఆయన చేతిలోంచి రెండోది తీసుకుని దూరం జరిగి, తిప్పమని సైగ చేశాడు. బండి పలికింది. గంగారాం మొహంలో పండగే. చూపించానుగా, ఇప్పటికైనా అర్థమైందా అన్నట్టు నన్ను చూశాడు. తను చెప్పింది నేను చెప్పాననే అనుకుంటున్నాడు. వాళ్లకు మాత్రం ఏం కనిపించింది? తాము తిప్పితే ఆగిపోయిన బండి, వాడు దగ్గరికొచ్చి చెయ్యి పెడితే నడిచింది.

బండి యజమాని నెమ్మదిగా అడిగాడు. "నెల రోజులుగా నాకు పలకని బండి ఈ టైరు మనిషికి ఎలా పలుకుతోంది?"

అంతకు పదిహేను రోజుల ముందే మా వీధి చివర ఇంకో షాపులో ఒక బండి పోయింది. ఎవరో తాళంచెవికి నకలు చేయించారని అందరూ చెప్పుకున్నారు. కఫీల్ కళ్లలో ఆ అనుమానం రావడం నేను చూశాను. "అడుగు వాణ్ణి," అన్నాడు. "ఈ తాళంచెవులకు వీడేమైనా చేశాడా?"

"అన్నా, చాబిలకు నువ్వేమన్న చేసినవా అని అడుగుతుండు," అన్నాను.

"చేసిన గద తమ్మీ," అని నవ్వాడు గంగారాం. "నేనే ఇడదీసిన."

"చేశానంటున్నాడు," అని చెప్పాను.

అంతే. ఈసారి నేను అబద్ధం ఆడలేదు. చూడండి, ఒక్క మాట కూడా అబద్ధం కాదు. చేసిన అన్నాడు, చేశానంటున్నాడు అన్నాను. ఈ గోడ వెనక ఎన్నేళ్లు దాక్కున్నానో. అబద్ధం కాకపోతే మరి 'నేనే ఇడదీసిన' అన్న మాట ఎందుకు మింగేశాను?

మధ్యాహ్నం నమాజ్‌కు షట్టర్లు దించారు. అందరూ వెళ్లాక నేనొక్కణ్ణే లోపల ఉన్నాను. అల్మారాలోంచి రెండు తాళంచెవులూ తీసి, వైరు కట్టి చూశాను. పలకలేదు. విప్పి చూశాను. పలికింది. ఆరుసార్లు అలా చేశాను. ఏడోసారికి చాలనిపించింది. సంతోషించాల్సింది కదా ఒక మెకానిక్, నెల రోజుల రోగం పట్టుబడితే? నాకు ఏడుపొచ్చింది.

కఫీల్ నమాజ్ చేసుకుని వచ్చి పైన ఆఫీసు గదిలో కూర్చున్నాడు. మెట్లెక్కితే చాలు. సార్, పొద్దున నేను సరిగా చెప్పలేదు, గంగారాం అన్నది ఇదీ అంటే చాలు. తిట్టేవాడు. ఇంకా మహా అయితే ఫోర్‌మన్ పని తీసేసేవాడు. నాలుగు మెట్లు ఎక్కాను. మరి ఎందుకు ఆగాను? భయం అని చెప్పుకున్నాను, చాలా కాలం. పెళ్లాం పిల్లలున్నారు, ఇల్లు సగంలో ఉంది, అందుకే భయపడ్డాను అని. భయం ఉంది, లేదనను. కానీ దానికంటే అడుగున ఇంకొకటి ఉంది. దాన్ని ఒప్పుకోవడానికే నాకు ఇన్నేళ్లు పట్టింది. టైర్లు ఎక్కించే మనిషికి దొరికింది నాకు దొరకలేదన్న కుళ్లు. పది మందిలో ఆయన ముందు చిన్నవాణ్ణి కావాల్సి వస్తుందన్న కుళ్లు. అదే నా కాలు పట్టి ఆపింది. నాలుగు మెట్లూ దిగి వచ్చేశాను.

సాయంత్రం కఫీల్ పోలీసులకు ఫోన్ చేస్తానన్నాడు. ఇక్కడ నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. వద్దు సార్ అని బతిమాలాను. పెద్దవయసు మనిషి, తొమ్మిదేళ్లు చేశాడు, పాపం, ఇంటికి పంపించేద్దాం అన్నాను. బండి యజమాని కూడా, ఒక మనిషి బతుకు పాడు చేయడం నాకిష్టం లేదు, ఇక్కడ లేకుండా చేస్తే చాలు అన్నాడు. కఫీల్ మెత్తబడ్డాడు. నాది దయ అని అందరూ అనుకున్నారు. దయ కాదు. పోలీసులు వస్తే పని తెలిసినవాణ్ణి ఎవరినో తెచ్చి బండి చూపిస్తారు. వాడు ఆ వైరు చూస్తాడు. గుమ్మడికాయ దొంగ అనకముందే నా భుజాలు నేనే తడుముకున్నాను.

నాలుగు రోజుల్లో గంగారాంకు ఎగ్జిట్ కొట్టేశారు. ఖురూజ్ నిహాయీ, అంటే ఇక ఇక్కడ పనికి లేవని పంపేయడం. మలాజ్ కాగితాల మీద సంతకం మాట ఎవరూ ఎత్తలేదు.

గదిలో అట్టపెట్టెకు తాడు బిగిస్తూ ఆయన నన్ను అడిగాడు, తను చెప్పింది వాళ్లకు చెప్పానా అని. ఇదే నేను చేసిన అసలు తప్పు. ఆ రోజు పొద్దున జరిగింది ఒక్క ఊపులో జరిగిందనుకున్నా, దీనికి ఆ సాకు కూడా లేదు. నాలుగు రోజులు ఆలోచించి పెట్టుకున్న జవాబు ఇది. "చెప్పిన అన్నా," అన్నాను. "వాళ్లు కంప్యూటర్ పెట్టి సూసిండ్రు. గది కాదన్నరు. నువ్వు నకలు చేసినవని వాళ్ల అనుమానం. పోలీసుల దాక పోకుంట నేనే ఆపిన."

ఆయన తాడు ముడి వేయడం ఆపాడు. తర్వాత నా రెండు చేతులూ పట్టుకున్నాడు. "నువ్వు లేకుంటె జైల్ల ఉందును తమ్మీ," అన్నాడు. పర్సులోంచి నేను 'మెకానిక్' అని రాసిచ్చిన కాగితం తీసి, కిటికీ గట్టు మీద వదిలేసి, పెట్టె ఎత్తుకున్నాడు. విమానాశ్రయానికి నేనే దింపాను.

తర్వాత ఏం జరిగిందో మీరు ఊహించే ఉంటారు. కొత్త కంప్యూటర్ వచ్చింది. అవసరం లేదని తెలిసీ బిగించాను. తాళంచెవులు విడివిడిగా అప్పగించాను. బండి మళ్లీ ఎప్పుడూ మొరాయించలేదు. దొంగ పోయాడు, రోగం పోయింది అన్నాడు కఫీల్. రెండు నెలలు ఆగి ఇంకో కొత్త పద్ధతి పెట్టాను. వైర్లు తీసేసి, గోడకు రెండు బోర్డులు కొట్టించాను. ఒకటి ఈ మూల, ఒకటి ఆ మూల. చిప్ ఉన్న తాళంచెవులు రెండూ ఒకచోట ఉండకూడదు అని అందరికీ చెప్పాను. ఎవరు కనిపెట్టారని ఎవరూ అడగలేదు. నేను కనిపెట్టానని నేనూ అనలేదు. ఊరుకున్నాను, అంతే. ఊరుకోవడంలో నాకు అప్పటికే మంచి చెయ్యి తిరిగింది.

ఊళ్లో నా భార్య, మొగుడు గంగారామన్నను జైలు నుంచి తప్పించాడని నలుగురిలో చెప్పుకుంది. ఆయన దొంగతనం చేశాడని పంపేశారన్న మాట కూడా ఆ చెప్పడంలోనే ఊరంతా పాకింది. ఆమె తప్పేం లేదు. ఆమెకు చెప్పింది నేనే.

రెండేళ్ల కిందట సెలవుకు వెళ్లినప్పుడు ఆయన్ను కలిశాను. మొత్తం చెప్పేద్దామనే వెళ్లాను, ఒట్టు. పసుపు మార్కెట్‌లో బస్తాలు కుట్టే పనిలో ఉన్నాడు. చేతులు మణికట్టు దాకా పసుపు. బావమరిది బస్టాండ్ దగ్గర మడిగె చూపించి బండ్లు బాగుచేసే షాపు పెట్టుకోమంటే వద్దన్నాడట. ఎందుకన్నా అని అడిగాను.

"నాకు ఆ పని రాదు తమ్మీ," అన్నాడు. "వచ్చనుకున్న. ఆ దినం నాకు సాఫ్ సమజయ్యిందనుకున్న. సదువుకున్నోళ్లు కంప్యూటర్ పెట్టి సూసి కాదన్నరంటే ఇగ నా దిమాక్ ఎంత? నా కండ్లతోని సూసింది గూడ నాకు సమజ్ కాలేదంటే, ఒకల బండి మీద చెయ్యెట్ల వెయ్యాలె?" మళ్లీ తనే, "వైరు కాకపోతే మరి ఏమై ఉంటది? నువ్వు పెద్ద మెకానిక్‌వు, నీకు ఎర్కేనా?" అని అడిగాడు.

ఉద్యోగం తీశాను, పేరు తీశాను, అవి తెలిసే తీశాను. ఇది మాత్రం నాకు తెలియదు. ఆయన చెవి మీద, ఆయన కళ్ల మీద ఆయనకున్న నమ్మకాన్ని కూడా నేనే తీసేశానని అక్కడ నిలబడితే గానీ తెలియలేదు. ఇంజిన్ చప్పుడు విని రోగం చెప్పే మనిషి, ఐదేళ్లుగా ఒక్క బండి ముట్టుకోలేదు. తనకేదో లోపం ఉందని, అది తనకు ఆలస్యంగా తెలిసిందని అనుకుంటున్నాడు. అప్పుడైనా చెప్పానా? "ఎవలకెర్కనే అన్నా, పెద్ద బండ్లు," అన్నాను. నా నోటితోనే అన్నాను. ఆయన ఇప్పించిన చాయ్ తాగి వచ్చేశాను.

పోయిన నెల ఒక కొత్త కస్టమర్ వచ్చాడు. తాళంచెవులు రెండు మూలల్లో ఎందుకు పెడతారని అడిగాడు. కఫీల్ నా భుజం మీద చెయ్యి వేసి, ఇది మా ఫోర్‌మన్ కనిపెట్టాడు, నువ్వే చెప్పు అన్నాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను. రెండూ ఒకచోటుంటే బండి గుర్తుపట్టదు, ఒక్కటే పెడితే పదిసార్లకు పదిసార్లు స్టార్ట్ అవుతుంది. చెబుతుంటే తెలిసింది, ఇవి నా మాటలు కావు. పొల్లుపోకుండా ఆయన మాటలే. ఏడేళ్ల కిందట ఇదే చోట, ఇదే మనిషికి చెప్పమన్న మాటలు. నా గొంతు ఎంత సులువుగా పలికిందో. ఇంత సులువా ఇది? కస్టమర్ తల ఊపి మెచ్చుకున్నాడు. నేను బయటికొచ్చి, గోడ నీడలో నిలబడి గంగారాంకు ఫోన్ చేశాను.

ఏ ఉపోద్ఘాతం లేదు. చెప్పేశాను. "అన్నా, ఆ దినం నువ్వు చెప్పమన్నది నేను చెప్పలే. కంప్యూటర్ పెట్టి ఎవ్వలు సూడలే. నువ్వు చెప్పిందే నిజం. పగటికి నేనొక్కన్నే ఉండి సూసుకున్న. ఎర్కుండే చెప్పలే."

అటు నుంచి బస్తాలు కుట్టే మిషన్ చప్పుడు వినిపిస్తోంది. తిడతాడని కాచుకుని ఉన్నాను. తిడితే బాగుండని కోరుకున్నాను. ఆయన అడిగింది ఒక్కటే.

"అంటే, వైరుదేనా?"

"వైరుదే అన్నా."

"నాకు సమజయ్యిందే కరెక్టా?"

"కరెక్టు."

మిషన్ ఆగింది. తర్వాత, "ఏడేండ్లు నాకు పని రాదనుకున్న," అన్నాడు. ఆ మాట చివర తమ్మీ అనలేదు. ఫోన్ పెట్టేశాడు.

ఆ తర్వాత రెండుసార్లు చేశాను. ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం ఆయనకు లేదు. క్షమించమని అడగడానికే చేశానా, ఆయన ఎలా ఉన్నాడో తెలుసుకోవడానికే చేశానా అని నన్ను నేను ప్రశ్నించుకుంటే మొదటిదే ఎక్కువని తేలింది. అందుకే మూడోసారి చేయలేదు. నా భార్యకు చెప్పాను. ఆమె నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. ఇప్పుడు మాట్లాడుతోంది, పిల్లల సంగతులు మాత్రం. గంగారాం ఇంటికి వెళ్లి ఆయన భార్యకు నిజం చెప్పి వచ్చానంది. వాళ్లేమన్నారో నాకు చెప్పలేదు, నేనూ అడగలేదు. కఫీల్‌కు ఇంకా చెప్పలేదు. చెబుతానా? ఈ కాగితం మీద చెబుతానని రాయడం తేలిక. ఆ మెట్ల సంగతి నాకు తెలుసు కాబట్టి రాయను.

మీరు నన్ను ఓదార్చవద్దు. నా తప్పు చిన్నదైందని చెప్పించుకోవడానికి ఇది రాయలేదు. ఆ సాయంత్రం ఫోన్ పెట్టేశాక గదికి వెళ్లి అన్నం వండుకుని కడుపునిండా తిన్నాను, చాలా ఏళ్ల తర్వాత. అలా తినగలిగినందుకు సిగ్గుపడ్డాను కూడా. అయినా తిన్నాను. దాచిపెట్టడానికి ఇక ఏమీ మిగల్లేదు కాబట్టి అనుకుంటాను.

ఆ బండి ఎందుకు స్టార్ట్ కాలేదో కనిపెట్టింది గంగారాం. ఏడేళ్లుగా మా వర్క్‌షాప్‌లో నా పేరు మీద నడుస్తున్న పద్ధతి ఆయనది. ఆయన మెకానిక్. ఆ రోజు అక్కడ ఒక దొంగ ఉన్నమాట నిజమే, కఫీల్ అనుమానం ఉత్తది కాదు. ఆ దొంగ ఆయన పక్కన నిలబడి, ఆయన మాటలు అరబ్బీలో చెబుతున్నాడు.